తాడూ, పామూ, టార్చిలైటూ



నాకు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి ‘నిత్యజీవితంలో భయం’ అన్న విషయం అనుకున్నారట. నన్ను అడగడానికి వచ్చినప్పుడు, ‘నేను మనస్తత్వశాస్త్రం చదివినవాణ్ణి కాదు, సర్కారు ఆస్పత్రిలో చేసి రిటైరైన మామూలు ఎంబీబీఎస్ డాక్టర్ని’ అన్నాను. ‘మీకు తెలిసిన భయం గురించే చెప్పండి’ అన్నారు. నాకు దగ్గరగా తెలిసిన భయం ఒక్కటే, పాముభయం. దివిసీమలో పుట్టి, ఇక్కడే వానాకాలం రాత్రి డ్యూటీలు చేసినవాడికి ఇంకో భయం నేర్చుకునే తీరిక దొరకదు. అందుకని ఈ పూట పాముల గురించే మాట్లాడతాను. మాస్టారు సైన్సు చెప్పినవారు కనుక అభ్యంతరం ఉండదనే నా ధైర్యం.

మన దేశంలో భయం గురించి ఎవరు నోరు విప్పినా ముందు తాడు దగ్గరికే వెళ్తారు. మసకచీకట్లో తాడును చూసి పామనుకుంటాం, దీపం తెచ్చి చూస్తే తాడని తేలుతుంది, భయం ఎగిరిపోతుంది. అద్వైతులకు ఎంతో ఇష్టమైన దృష్టాంతం ఇది. జగత్తు సంగతి చెప్పడానికి గొప్పగా పనికొస్తుంది, కాదనను. భయం సంగతి చెప్పడానికి వాడుకున్నప్పుడే చిక్కు. భయాలన్నీ భ్రమలేననీ, కాస్త వెలుతురు పడితే చాలుననీ ఒక నమ్మకం మనలో పాతుకుపోయింది. మా ఊళ్లో శ్రావణమాసపు రాత్రి పొలం గట్టు మీద టార్చి వేస్తే చాలాసార్లు కనిపించేది తాడే. కొన్నిసార్లు రక్తపింజర. ఆ వెలుతురుకి భయం పోదు, ఎంత దూరంలో ఆగాలో తెలుస్తుంది. నేనివాళ చెప్పబోయేదంతా ఇందులోనే ఉంది. భయం పోవాలని ఎందుకనుకోవాలి? దాన్ని ఉండాల్సిన చోట, ఉండాల్సినంత ఉంచుకుంటే చాలదా? మనవాళ్లు భయపడక చచ్చిపోతున్నారని నేననను. భయాన్ని పెట్టకూడని చోట పెట్టుకుని చచ్చిపోతున్నారు.

కొద్దిగా లెక్కలు చెప్పక తప్పదు. ఇంటింటికీ వెళ్లి మరణాల కారణాలు అడిగి తెలుసుకున్న ఒక పెద్ద అధ్యయనం ఆధారంగా 2020లో వచ్చిన అంచనా ప్రకారం, 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలు. సగటున ఏడాదికి 58,000. అందులో 70 శాతం దాకా ఎనిమిది రాష్ట్రాల్లోనే. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు జూన్ సెప్టెంబరు మధ్యనే. నాలుగోవంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. నన్ను ఎక్కువ కలచివేసిన సంగతి ఇంకొకటుంది. వాళ్లలో ఎక్కువమంది ఇంటి దగ్గరే ప్రాణం వదిలారు, ఆస్పత్రి గడప తొక్కనే లేదు. పాము కరిచిందని తెలిసి ఎవరూ నిర్లక్ష్యం చేయరు. ఆ ఇళ్లలో భయానికి కొదవ ఉండి ఉండదు. ఆ భయం వాళ్లను ఎటు పరిగెత్తించిందన్నదే ప్రశ్న.

ఆ సంగతికి ముందు, ఈ భయం అసలెక్కడుంటుందో చూద్దాం. మెదడులో రెండు పక్కలా అమిగ్డలా అని చిన్న ముద్దలుంటాయి. కన్ను చూసినదేమిటో మనం పూర్తిగా పోల్చుకోకముందే అవి ఒంటిని సిద్ధం చేసేస్తాయి. గుండె దడదడలాడటం, కాళ్లు నిలిచిపోవడం వాటి పనే. అమెరికాలో ఒకావిడకు అరుదైన జబ్బు వల్ల ఆ రెండు ముద్దలూ పాడైపోయాయి. వైద్యపత్రికల్లో ఆమె పేరు ఎస్.ఎం. అనే రెండక్షరాలే. 2011లో అచ్చైన పరిశోధనలో ఆమెను పాములూ సాలీళ్లూ అమ్మే దుకాణానికి తీసుకెళ్లారు. అవంటే తనకు గిట్టదని చెబుతూనే పామును చేతుల్లోకి తీసుకుంది, దాని నాలుకను వేలితో తడిమింది, కరిచే పాముల్ని కూడా ముట్టుకుంటానని పదేపదే అడిగింది. దుకాణంవాళ్లు వారించాల్సి వచ్చింది. భయమంటే తెలియని మనిషి ఎంత అదృష్టవంతురాలు అనుకుంటున్నారేమో. ఒక రాత్రి పార్కులో ఎవడో ఆమె మెడ మీద కత్తి పెట్టాడు. మర్నాడు మళ్లీ ఆ పార్కులోంచే నడిచి వెళ్లింది. ఆమె బతుకంతా అలాంటి గండాలే. భయం లేని మనిషికి ఒకసారి దెబ్బ తిన్న దారి గుర్తుండదు.

మరి పాముభయం పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా? 1980లలో సూసన్ మినేకా అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు నాకు చాలా ఇష్టం. ప్రయోగశాలలో పుట్టిపెరిగిన కోతులకు పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పామును చూసి హడలిపోతుంటే ఒకసారి చూపించగానే వీటికీ పట్టుకుంది. తర్వాత వీడియో అతికించి, అదే కోతి పువ్వును చూసి హడలిపోయినట్టు చూపించారు. పువ్వుభయం మాత్రం ఒక్కదానికీ అంటలేదు. అంటే పాముభయానికి లోపల చోటు సిద్ధంగా ఉంటుంది, ఎదుటివాళ్ల మొహం చూశాకే వచ్చి అందులో కూర్చుంటుంది. చంటిపిల్లను చంకనేసుకుని జెర్రిపోతును చూసి కెవ్వుమనే అమ్మమ్మలు ఈ సంగతి గమనించాలి. పిల్ల చూసేది పామును కాదు, అమ్మమ్మ మొహాన్ని.

ఇప్పుడు ఆస్పత్రికి వద్దాం. మనవాళ్లు చాలా తేలిగ్గా అనే మాట ఒకటుంది, ‘విషమెక్కి కాదండీ, భయంతోనే పోయాడు’ అని. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో తలూపేవాణ్ణి. భయానికి చెమటలు పడతాయి, గుండె వేగం పెరుగుతుంది, కళ్లు తిరిగి పడిపోతారు. నీటిపాము కరిచి స్ట్రెచరు మీద వచ్చి, గంట తర్వాత టీ తాగి నడిచి వెళ్లినవాళ్లు బోలెడుమంది. కానీ ‘కాటు కనబడలేదు, నొప్పి లేదు, రాత్రి ఏదో చల్లగా తగిలిందని భయపడి తెల్లారేసరికి పోయాడు’ అని చెప్పుకునే చావుల్లో చాలావాటికి కారణం భయం కాదని ఇప్పుడు చెప్పగలను. అది కట్లపాము.

కట్లపాము మన ఇళ్లలోకి రాత్రిపూట వస్తుంది. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్ల పక్కకి చేరుతుంది. మనిషి అటు దొర్లితే కరుస్తుంది. కోరలు చిన్నవి, గాటు కనబడకపోవచ్చు, వాపుండదు, చాలాసార్లు నొప్పీ ఉండదు. చీమ కుట్టిందనుకుని మళ్లీ నిద్రపోతారు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, తాగొచ్చాడంటారు, పక్షవాతమంటారు. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి మనిషి పోతాడు. అదే సకాలంలో వెంటిలేటరు మీద పెట్టగలిగితే, శవంలా పడున్న మనిషి కొన్నాళ్లకు లేచి భోజనం చేసి ఇంటికెళ్తాడు. ఇంత జరిగాక ఆ చావుకి భయం అని పేరు పెడితే చనిపోయినవాడి మీద అపవాదు, బతికున్నవాళ్లకు తప్పుడు పాఠం. ఆ ఇంట్లో వాళ్లు మర్నాడు కూడా నేల మీదే పడుకుంటారు కదా, ‘మనం భయపడకుండా ఉంటే చాలు’ అనుకుని.

మన దగ్గర ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాలుగే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. ఈ నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు సూదిమందు. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన విరుగుడును తీసి శుద్ధి చేసిన మందు అది. మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది సీసాలు. పెద్దవాళ్లకెంతో పసివాళ్లకూ అంతే, పాము మనిషి బరువు చూసి కరవదు గనక.

పింజర కాటుకి ఈ మందు ఇవ్వాలో వద్దో తేల్చే పరీక్ష ఒకటుంది. చాలా సులువైనది, నాకు భయం గురించి పుస్తకాల కంటే ఎక్కువ నేర్పింది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజుగొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదల్చకుండా పెట్టాలి. ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే సరి, మళ్లీ కాసేపటికి చూసుకోవచ్చు. నీళ్లలా జారిందంటే పింజర విషం ఒంట్లోకి దిగినట్టే.

ఒక రాత్రి నారుమడి దగ్గర కాటు తిన్న రైతును తెచ్చారు. ట్రాక్టరు ట్రక్కులో పదిమంది. తలా ఒక మాట, తలా ఒక ఏడుపు. రక్తం తీసి గొట్టాన్ని స్టాండులో పెట్టి, గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. అతని భార్య తడి కొంగుతోనే నా దగ్గరికొచ్చింది. ‘మందెయ్యకుండా ఆ సీసా ఎదురుగా నిలబడ్డారేంటి బాబుగారూ?’ అంది. ‘ఇదిగో అమ్మా, పెద్దముల్లు నాలుగు దగ్గరికొచ్చాక ఈ గొట్టం వంచి చూస్తా. జారిందంటే మందెక్కిస్తా. నువ్వు అంతదాకా ఆయన కాలు కదలకుండా పట్టుకో. కనురెప్ప వాలినా, చిగుళ్ల నించి రక్తం వచ్చినా వెంటనే కేకెయ్యి’ అన్నాను. ఆమె వెళ్లి కాలు పట్టుకుని కూర్చుంది. చూస్తుండగానే ఏడుపు ఆగిపోయింది. భయం తగ్గిందని కాదు. కళ్లు మొగుడి చిగుళ్ల మీద, గడియారం మీద, గొట్టం మీద, అంతే. ఆ భయానికి చూడటానికో చోటు, చెయ్యడానికో పని దొరికాయి. వెంట వచ్చిన మగవాళ్లు మాత్రం వరండాలో ‘భయపడకు వదినా, భయపడకు’ అని అరుస్తూనే ఉన్నారు. రక్తం జారింది. పది సీసాలు ఎక్కించాం. అతను బతికాడు. ‘భయపడకు’ అన్న మాట వల్ల ఒక్క మనిషికి భయం తగ్గడం నేను చూడలేదు. ‘ఇది పట్టుకో’ అంటే తగ్గడం చూశాను.

మంత్రం సంగతి ఎత్తకపోతే మీరూరుకోరు. ఒకప్పుడు పాము కరిస్తే మద్రాసు లైనులో ఒక స్టేషన్ మాస్టరుకి తంతి కొట్టేవారని, ఆయన అక్కడ మంత్రిస్తే ఇక్కడ విషం దిగేదని పెద్దవాళ్లు చెప్పగా మీలో చాలామంది వినే ఉంటారు. తిట్టిపోయడం నాకిష్టం లేదు. కరిచే పాముల్లో చాలావాటికి విషం లేదు. విషమున్నవి కూడా కొన్నిసార్లు ఉత్తికాటు వేసి వదిలేస్తాయి. కనుక ఏ మంత్రమైనా సగానికి సగం సార్లు గెలిచినట్టే కనిపిస్తుంది. మంత్రగాడు భయాన్ని నిజంగానే తగ్గిస్తాడు కూడా, అందులో నాకంటే నేర్పరి. అయితే తగ్గకూడనప్పుడు తగ్గిస్తాడు. నాగుపాము కాటు మీద అరగంట నిశ్చింతగా కూర్చోబెడతాడు. 2018 వానాకాలంలో ఇక్కడ పాముకాట్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం జరిగింది. నాగులచవితికి నేనూ పుట్ట దగ్గరికి వెళ్తాను, మా ఆవిడ పోయమన్నన్ని పాలు పోస్తాను. పాము పాలు తాగదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. యాగంతో నాకు పేచీ లేదు. స్వామికి మొక్కుకున్న తర్వాత బండి ఆస్పత్రి వైపు తిరిగితే చాలు.

కరిచినచోట బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఈ మూడూ సినిమాల పుణ్యం. బిగించిన కట్టు వల్ల కాలు కుళ్లినవాళ్లున్నారు, ఒక్కసారిగా విప్పగానే కుప్పకూలినవాళ్లున్నారు. కాలు కదలకుండా ఉంచి, త్వరగా తీసుకురండి. ఇంతే ప్రథమచికిత్స.

మాస్టారి దగ్గరికి వస్తాను. మేము ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన పాముల పాఠం చెప్పిన పద్ధతి ఈ ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుండాలి. ఎలుకలు పట్టే యానాది తాతను పిలిపించి, ఒక జెర్రిపోతును గోనెసంచిలో తెప్పించారు. మొదటిరోజు సంచి మూతి విప్పలేదు. సంచి కదులుతుంటే కిటికీ బయట నుంచి చూడమన్నారు. రెండోరోజు తాత చేతిలో పాము, మేము వెనక బెంచీల దగ్గర. ఇంకోరోజు ముందు బెంచీలు. చివరికి, ఇష్టమున్నవాళ్లు వచ్చి తాత చేతి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి మీదుగా పామును తాకొచ్చన్నారు. బలవంతం లేదు. బంకగా, జారుడుగా ఉంటుందనుకున్నాను. పొడిగా, చల్లగా, లోపల కండ కదులుతూ ఉంది. ఇప్పుడైతే వన్యప్రాణుల చట్టం ఒప్పుకోదు, మా ముచ్చట ఆ 1972 చట్టానికి ముందుది.

చాలా ఏళ్ల తర్వాత చదివితే తెలిసింది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే భయపడే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలు బోనును కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ భయం పోగొట్టింది. 1969లో ఆల్బర్ట్ బండూరా పాములంటే హడలిపోయే పెద్దవాళ్లకు, ముందు తాను పామును పట్టుకుని చూపించి, తర్వాత వాళ్ల చెయ్యి తన చేతి మీద వేయించుకుని, మెట్టుమెట్టుగా అదే పని చేయించాడు. కొద్ది గంటల్లో పామును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడకు కల కూడా వచ్చిందట, కొండచిలువ వంటింట్లో తనకు గిన్నెలు తోమడంలో సాయపడుతున్నట్టు! చుట్టుపక్కల ఏ గ్రంథాలయంలోనూ ఆ వ్యాసాలు దొరకని కాలంలో మాస్టారు అదే క్రమం పట్టుకున్నారు. నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అయితే మాస్టారి పాఠం అక్కడితో అయిపోలేదు, దీన్ని మాత్రం ఎవరూ చెప్పుకోరు. మర్నాడు మమ్మల్ని తాత వెంట పొలానికి తీసుకెళ్లారు. తాత గట్టు మీద ఒక్కో కలుగు దగ్గరా గొంతుక్కూర్చుని చూసేవాడు. అంచున మట్టి కొత్తగా తోడి పోసి ఉంటే ఎలుక. పొగకుండ పెట్టి ఊదేవాడు. ఒక కలుగు దగ్గర మట్టి లేదు, అంచు నున్నగా అరిగి ఉంది. తాత లేచి నాలుగడుగులు వెనక్కి వేశాడు. ‘ఏం తాతా, భయమా?’ అన్నాడు మాలో ఒక తుంటరి. ‘బయమే బాబూ. బయం లేనోడు ఈ పన్లో ముసలోడు కాడు’ అన్నాడు. జెర్రిపోతును మెడలో వేసుకున్న మనిషే ఒక నున్నటి కన్నాన్ని చూసి వెనక్కి తగ్గాడు. మాస్టారు ఒక్క ముక్క వ్యాఖ్యానం చెప్పలేదు, నోటు పుస్తకంలో రెండు కలుగుల బొమ్మలూ గీయించారు.

ఆ తాత నేర్పుకి మన దేశం ఎంత రుణపడి ఉందో చాలామందికి తెలియదు. తమిళనాడులో మహాబలిపురం దగ్గర ఇరులవాళ్లు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ నాలుగు పాముల్నీ పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. మన ఆస్పత్రి ఫ్రిజ్‌లోని సీసా ప్రయాణం చాలావరకు అక్కడే మొదలవుతుంది. 2023లో వాళ్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్‌కి, మాసి సడయన్‌కి, పద్మశ్రీ ఇచ్చారు. మన యానాదులకు మాత్రం ఎలుకకింత అని లెక్కగట్టి ఇచ్చే కూలీ తప్ప మరేమీ దక్కలేదు.

ఇంకో మాట అనకపోతే ఈ ఉపన్యాసం బూట్లు వేసుకున్నవాడు చెప్పులు లేనివాడికి చెప్పిన ధైర్యవచనమే అవుతుంది. భయాన్ని జయించండి అని పుస్తకాలు రాసేవాళ్లలో తెల్లవారుజామున చెంబు పట్టుకుని చీకట్లోకి వెళ్లినవాళ్లు ఎంతమంది? మాది కాలువల కింద సేద్యం. మెట్ట మండలాల్లో పనిచేసిన నా మిత్రులు ‘రాత్రి కరెంటు’ కేసులని విడిగా చెప్పేవారు. త్రీఫేజు ఏ ఒంటిగంటకో వస్తుంది, రైతు నిద్రలో లేచి మోటారు ఆన్ చెయ్యడానికి పొలం వెళ్తాడు, స్టార్టరు డబ్బా దగ్గర పాము వెచ్చగా చుట్టుకుని ఉంటుంది. ఆ రైతుకి మనోధైర్యం మీద క్లాసు ఎందుకు? కరెంటు పగలివ్వాలి. తెలంగాణలో 2018 జనవరి నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు అన్నప్పుడు, ఆంధ్రలో పగటిపూటే 9 గంటలు అన్నప్పుడు, అందరూ దాన్ని దిగుబడుల లెక్కలో చూశారు. నేను పాముకాటు వార్డు లెక్కలో చూశాను. కావలసినవి ఇంకా ఉన్నాయి, ఇంట్లో మరుగుదొడ్డి, కాళ్లకు చెప్పులు, చేతిలో టార్చి, చాప బదులు మంచం, నాలుగు వైపులా పరుపు కిందకి దోపిన దోమతెర. కట్లపాముకి దోమతెర గోడతో సమానం. గడ్డివామినీ పిడకల గూడునూ ఇంటి గోడకి ఆనించి పెట్టకపోతే ఎలుకలు తగ్గుతాయి, ఎలుకల కోసం వచ్చేవీ తగ్గుతాయి. పిడకల కోసం చెయ్యి పెట్టేముందు కర్రతో రెండుసార్లు తట్టడం మా అమ్మకు అలవాటు. ఆవిడను పిరికిదనే అనేవారు మా నాయనమ్మ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును పట్టించుకోని జబ్బుల జాబితాలో ముందువరసలో చేర్చింది 2017లో. కాట్లు, మరణాలు విధిగా నమోదు చెయ్యమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది 2024 నవంబరులో. ఆలస్యమే, సంతోషమే. మన మండలంలో ఏ ఆస్పత్రిలో విరుగుడు మందు ఉందో, ఎన్ని సీసాలున్నాయో, ఎక్కడ వెంటిలేటరుందో తెలిసినవాళ్లు ఈ హాల్లో చేతులెత్తండి. చూశారా! మన పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆ వివరాలు జూన్ నెల రాకముందే రాయించే పని ఈ స్మారక సమితి తీసుకోవాలని అధ్యక్షుల వారిని అడుగుతున్నాను. దండలకీ శాలువాకీ అయిన ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

వాన పెరిగేట్టుంది. ప్రశ్నలుంటే అడగండి, టార్చి తెచ్చుకోనివాళ్లు ముందు అడగండి. పసిరికపాము కళ్లు పొడుస్తుందా అని మాత్రం అడగొద్దు, పొడవదు.